ఇంటి షెడ్డులో రోడ్‌స్టర్

రోడ్‌స్టర్, రెప్లికా, కిట్

పైకప్పు లేకుండా, ఇద్దరికి మాత్రమే చోటుండే తేలికపాటి కారును రోడ్‌స్టర్ అంటారు. ఎండావానల నుంచి దానిలో రక్షణ తక్కువ. సామాను పెట్టుకునే జాగా దాదాపు ఉండదు. ఒక చోటి నుంచి మరో చోటికి చేరడం కన్నా, దారిలో నడపడమే ముఖ్యమనుకునేవాళ్ల కోసం తయారైన కారు ఇది. పేరుపొందిన పాత రోడ్‌స్టర్లు తక్కువ సంఖ్యలో తయారయ్యాయి. 1962లో అమెరికన్ రేసు డ్రైవరు కారల్ షెల్బీ ఒక బ్రిటిష్ కారులో ఫోర్డ్ వి8 ఇంజిన్ పెట్టించి రూపొందించిన ఏసీ కోబ్రా అసలు కార్లు సుమారు వెయ్యి మాత్రమే. వాటి ధర సామాన్యులకు అందదు. అదే ఆకారంలో, అదే కొలతలకు దగ్గరగా కొత్తగా చేసుకునే కారు రెప్లికా.

రెప్లికాను ఇంట్లో తయారు చేసుకునేందుకు మూడు దారులున్నాయి. మొదటిది, నట్టూ బోల్టుతో సహా అన్ని భాగాలూ కంపెనీ నుంచి పెట్టెల్లో తెప్పించుకుని బిగించుకోవడం. రెండోది, ఛాసిస్, బాడీ మాత్రం కొని, మిగతా భాగాలను ఏదైనా పాత కారు నుంచి తీసుకోవడం. మూడోది, ఉక్కు గొట్టాలు కొనుక్కొచ్చి, డ్రాయింగుల ప్రకారం ఛాసిస్‌తో సహా అన్నీ సొంతంగా చేసుకోవడం. మొదటి దారిలో పనిముట్ల వాడకం వస్తే చాలు. మూడో దారిలో వెల్డింగులో చేయి తిరగాలి, సమయం కూడా ఎన్నో రెట్లు పడుతుంది. ఈ మూడు దారులకూ సరిపోయే చక్కని ఉదాహరణ బ్రిటన్‌కు చెందిన లోటస్ సెవెన్, దాని వారసులు. ఈ అధ్యాయంలో ప్రధానంగా ఆ కుటుంబాన్నే పరిశీలిద్దాం.

పన్ను నేర్పిన పద్ధతి

లోటస్ సంస్థ పుట్టుకే ఇంటి షెడ్డులో జరిగింది. దాని స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి, దాని భాగాలతో తన మొదటి కారును కట్టాడు. 1957లో ఆయన లోటస్ సెవెన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. సన్నని గొట్టాల ఛాసిస్, దాని మీద అల్యూమినియం రేకు, 1,172 సీసీ ఫోర్డ్ ఇంజిన్. అంతకు మించి అందులో పెద్దగా ఏమీ లేదు.

అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది. విడి భాగాలుగా అమ్మితే ఆ పన్ను వర్తించేది కాదు. సెవెన్ ధర పన్నుతో కలిపి 1,036 పౌండ్లు. అదే కిట్‌గా కొంటే 536 పౌండ్లు. జీతం మీద బతికే కుర్రవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. అందుకే వేలాది బ్రిటిష్ గ్యారేజీల్లో స్పానర్లు కదిలాయి. కిట్‌తో పాటు బిగించే సూచనలు ఇస్తే పన్ను మినహాయింపు పోతుందట. దాంతో కారును విప్పే సూచనలు ముద్రించి ఇచ్చి, వాటిని కింది నుంచి పైకి చదువుకోమనేవారని మోటారు ప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1973లో కొనుగోలు పన్ను పోయి, వ్యాట్ వచ్చింది. దాంతో కిట్‌కు ఉన్న ధర లాభం తగ్గిపోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటరమ్ సంస్థ చేతికి వచ్చాయి. ఆ సంస్థ దాన్ని కేటరమ్ సెవెన్ పేరుతో కొనసాగించింది. పన్ను కారణం పోయినా కిట్ పోలేదు. తన కారును తనే కట్టుకోవాలన్న కోరిక అప్పటికే బలంగా వేళ్లూనుకుంది.

1996లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ఔండల్ స్కూల్లో ఇంజినీరింగ్ బోధించిన రాన్ చాంపియన్, కేవలం 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ ఒక పుస్తకం రాశాడు. సెవెన్ తరహా ఛాసిస్‌కు కావలసిన ప్రతి గొట్టం పొడవూ, కోతల కోణాలూ అందులో ఉన్నాయి. మిగతా భాగాలకు పాత ఫోర్డ్ ఎస్కార్ట్ చాలు. ఈ కారుకు లోకాస్ట్ అనే పేరు స్థిరపడింది. తర్వాత క్రిస్ గిబ్స్ రాసిన పుస్తకం ఫోర్డ్ సియెర్రా భాగాలతో ఇలాంటి కారునే కట్టే పద్ధతి చూపించింది. ఆ రకాన్ని హేన్స్ రోడ్‌స్టర్ అంటున్నారు.

దాత కారు

భాగాలన్నీ ఇచ్చే పాత కారును దాత కారు అంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, చక్రాల హబ్‌లు, బ్రేకులు, స్టీరింగ్ కాలమ్, వైరింగ్, చివరికి వైపర్ మోటారు దాకా అందులో నుంచే వస్తాయి. సెవెన్ తరహా కారుకు ఇంజిన్ ముందు, శక్తి వెనక చక్రాలకు అందాలి. ఆ అమరిక ఉన్న చవక కార్లు 1980ల తర్వాత తగ్గిపోయాయి. అందుకే ఎస్కార్ట్, సియెర్రాల తర్వాత కట్టేవాళ్ల చూపు 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 వైపు మళ్లింది. అమెరికాలో కోబ్రా రెప్లికా కిట్లకు చాలాకాలం ఫోర్డ్ మస్టాంగ్ దాతగా పనికొచ్చింది.

దాతను ఎంచుకునేటప్పుడు బాడీ తుప్పు పట్టిందా అన్నది పట్టించుకోనక్కర్లేదు, ఎలాగూ దాన్ని పారేస్తారు. చూడాల్సింది ఇంజిన్ చప్పుడు, గేర్లు పడే తీరు, కాగితాలు. విప్పేటప్పుడు ప్రతి తీగకూ, ప్రతి పైపుకూ చీటీ కట్టి, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ పూట సోమరితనం చేస్తే ఆరు నెలల తర్వాత రెండు ఒకే రంగు తీగలు చేతిలో పట్టుకుని తలపట్టుకోవాల్సి వస్తుంది.

ఛాసిస్: ఏటవాలు గొట్టం బలం

మామూలు కారులో రేకు బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు ఆ బాడీని ఒక మూసిన పెట్టెగా మారుస్తుంది కాబట్టి అది సులభంగా మెలిపడదు. పైకప్పు తీసేస్తే ఆ గట్టితనంలో ఎక్కువ భాగం పోతుంది. రోడ్‌స్టర్ కట్టేవాళ్లు దాన్ని మరో రకంగా రాబట్టాలి.

సెవెన్ కుటుంబం దీనికి గొట్టాల చట్రాన్ని ఎంచుకుంది. లోకాస్ట్‌లో 25 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు గొట్టం, గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. ఇంత సన్నని గొట్టం ఇంజిన్‌నూ ఇద్దరు మనుషులనూ ఎలా మోస్తుంది? జవాబు త్రిభుజంలో ఉంది. నాలుగు గొట్టాలతో చేసిన చతురస్రాన్ని ఒక మూల నొక్కితే అది పక్కకు ఒరుగుతుంది. మూలల్లోని అతుకులు వంగడాన్ని తట్టుకోవాలి, అవి అందుకు బలహీనం. ఎదురు మూలల మధ్య ఒక ఏటవాలు గొట్టం వేస్తే అది రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజం భుజాల పొడవు మారితే తప్ప దాని ఆకారం మారదు. అంటే ఇప్పుడు గొట్టం వంగాల్సిన పనిలేదు, సాగాలి లేదా నలగాలి. ఉక్కు గొట్టాన్ని వంచడం తేలిక, పొడవునా లాగి సాగదీయడం చాలా కష్టం. గాలికి పందిరి ఒరగకుండా రాటల మధ్య ఏటవాలు కర్ర కట్టడంలో ఉన్న కిటుకే ఇది.

ఇబ్బంది ఏమిటంటే, మనుషులు ఎక్కి దిగేచోట ఏటవాలు గొట్టం వేయడం కుదరదు. అందుకే సెవెన్ పక్క గోడలు ఎత్తుగా ఉంటాయి, తలుపులు ఉండవు, కాలెత్తి దాటి ఎక్కాలి. రెండు సీట్ల మధ్య, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద వచ్చే సొరంగాన్ని కూడా త్రిభుజాలతో నింపి వెన్నెముకలా వాడతారు. అల్యూమినియం రేకును గొట్టాలకు జిగురుతో అంటించి రివెట్లు కొడితే, ఆ రేకు కూడా ఏటవాలు గొట్టం చేసే పనిలో కొంత పంచుకుంటుంది. ఉక్కూ అల్యూమినియం నేరుగా తాకుతూ మధ్యలో తడి చేరితే అల్యూమినియం క్షయించిపోతుంది. గొట్టానికి పెయింటు, మధ్యలో జిగురు పొర ఉంటే ఆ ప్రమాదం తప్పుతుంది.

ఛాసిస్ కట్టే పని సమతలమైన బల్ల మీద మొదలవుతుంది. మందపాటి ప్లైవుడ్ మీద డ్రాయింగును పూర్తి సైజులో గీసి, గొట్టాలు కదలకుండా చుట్టూ చెక్క దిమ్మలు బిగిస్తారు. ముందు ప్రతి మూలలో ట్యాక్ అనే చిన్న వెల్డింగ్ చుక్క మాత్రమే వేస్తారు. ఎదురు మూలల మధ్య టేపు పట్టి రెండు కర్ణాలూ కొలుస్తారు. అవి సమానంగా ఉంటేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. పూర్తి వెల్డింగ్ ఇదంతా అయ్యాకే చేస్తారు, అదీ ఒక చోట ఒక అతుకు, దానికి ఎదురుగా మరొకటి, ఇలా మార్చి మార్చి వేస్తారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుని గొట్టాన్ని తన వైపు లాగుతుంది. ఒకే వైపు వరసగా వేసుకుంటూ పోతే ఛాసిస్ మొత్తం అటు వంగుతుంది. ఆ వంకర తర్వాత ఏ పనితోనూ పోదు.

బరువు తగ్గితే ఏమవుతుంది

మొదటి తరం ఎంఎక్స్-5 బరువు ఒక టన్నుకు కాస్త తక్కువ, దాని 1.6 లీటర్ల ఇంజిన్ శక్తి సుమారు 115 హార్స్‌పవర్. అదే ఇంజిన్‌ను 550 కిలోల రోడ్‌స్టర్లో పెడితే టన్నుకు 120గా ఉన్న శక్తి 209కి పెరుగుతుంది. ఇంజిన్‌లో ఏ మార్పూ చేయకుండానే త్వరణం చాలా పెరిగిపోతుంది. మలుపులో టైర్లు ఆపాల్సిన బరువూ, బ్రేకు మింగాల్సిన శక్తీ తగ్గుతాయి. టైర్లు, బ్రేకులు, ఇరుసులు అన్నీ చిన్నవైతే చాలు. అవి చిన్నవైతే బరువు మళ్లీ తగ్గుతుంది.

గరిష్ఠ వేగం మాత్రం అదే మేరకు పెరగదు. ఎక్కువ వేగంలో ఇంజిన్ పోరాడేది గాలితో, బరువుతో కాదు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. బయటికి కనిపించే చక్రాలు, నిటారు గాలి అద్దం, తెరిచిన సీట్లు ఉన్న సెవెన్ గాలికి బాగా అడ్డుపడుతుంది. ఆ కారు అసలు బలం చిన్న దారుల్లో, మలుపుల్లో తెలుస్తుంది.

సస్పెన్షన్: కొలత తప్పితే నడక తప్పుతుంది

ముందు ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు విష్‌బోన్లు, అంటే వి ఆకారపు చేతులు, పట్టుకుంటాయి. పైదానిని కిందిదాని కన్నా పొట్టిగా చేస్తే, చక్రం పైకి లేచేటప్పుడు దాని తల లోపలికి వాలుతుంది. మలుపులో ఛాసిస్ బయటికి ఒరిగినా టైరు నేల మీద పరుచుకునే ఉంటుంది.

దాత కారు స్ప్రింగులను యథాతథంగా వాడకూడదు. మోయాల్సిన బరువు సగానికి తగ్గితే అదే స్ప్రింగు ఊగే వేగం 1.41 రెట్లవుతుంది. అంటే కారు గతుకు గతుకుకూ ఎగిరిపడుతుంది, టైరు నేలను వదిలేస్తుంది. అందుకే మెత్తటి స్ప్రింగులు, వాటికి తగ్గ డ్యాంపర్లు కొత్తగా కొంటారు.

కట్టేవాళ్లు ఎక్కువ ఓపిక పెట్టాల్సిన చోటు స్టీరింగ్ ర్యాక్ అమరిక. ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ, విష్‌బోన్ రెండూ పైకీ కిందికీ కదిలేటప్పుడు చాపాలు గీస్తాయి. ఆ రెండు చాపాలూ సరిపోలకపోతే, స్టీరింగ్ తిప్పకుండానే గతుకు మీద చక్రం దానంతట అది పక్కకు తిరుగుతుంది. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. స్ప్రింగు తీసేసి, చక్రం బదులు హబ్‌కు ఒక చదునైన పలక బిగిస్తారు. జాకీతో హబ్‌ను కొద్దికొద్దిగా లేపుతూ, పలక ముందు అంచూ వెనక అంచూ ఒక స్థిరమైన గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాయో ప్రతిసారీ రాసుకుంటారు. రెండింటి తేడా మారకపోతే అమరిక సరైనదే. మారుతుంటే ర్యాక్ కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల రేకు పెట్టడమో తీయడమో చేసి, కొలతలు మళ్లీ మొదటి నుంచి తీస్తారు.

బ్రేకులు

బ్రేకు వేసినప్పుడు బరువు వెనక చక్రాల నుంచి ముందు చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందో తేలిగ్గా లెక్కగట్టవచ్చు. మనుషులతో కలిపి కారు 700 కిలోలు, గరిమనాభి నేల నుంచి 0.4 మీటర్ల ఎత్తు, ఇరుసుల మధ్య దూరం 2.25 మీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.8 వంతుతో వేగం తగ్గిస్తే మారే బరువు 700ను 0.8తో, 0.4తో గుణించి 2.25తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 100 కిలోలు. నిలిచి ఉన్నప్పుడు ముందూ వెనకా 350 చొప్పున ఉన్న భారం ఇప్పుడు ముందు 450, వెనక 250.

వెనక బ్రేకు అవసరానికి మించి పట్టుకుంటే, తేలికైన ఆ చక్రాలు ముందుగా జామ్ అయి, కారు గిర్రున తిరుగుతుంది. అందుకే ముందు చక్రాలే మొదట జామ్ కావాలన్నది తప్పనిసరి నియమం. దాత కారు బ్రేకులు దాని బరువు పంపకానికి తగ్గట్టు లెక్కగట్టినవి. కొత్త కారులో ఆ పంపకం వేరు. ముందు, వెనక చక్రాలకు వేర్వేరు మాస్టర్ సిలిండర్లు పెట్టి, పెడల్ ఒత్తిడిని వాటి మధ్య ఎంత పాళ్లలో పంచాలో సర్దుకునే ఏర్పాటు చాలా కిట్లలో ఉంటుంది. సర్దడం అయ్యాక అది కదలకుండా బిగించేయాలి. పైపులు కొత్తవే వాడాలి. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన పైపు చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి తెరిచి ఉంచిన డబ్బాలోది పోయకూడదు.

బాడీ

సెవెన్ పక్కలు చదునైన అల్యూమినియం రేకులు. వంపు తిరిగే ముక్కు, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్. కోబ్రా లాంటి గుండ్రని కారుకైతే బాడీ మొత్తం ఫైబర్‌గ్లాస్‌తోనే చేస్తారు. నునుపైన అచ్చు లోపల మైనం పూసి, ముందుగా రంగు కలిపిన జెల్‌కోట్ పొర వేస్తారు. అది గట్టిపడ్డాక గాజు నార చాపను పరిచి, గట్టిపరిచే రసాయనం కలిపిన పాలిస్టర్ రెజిన్‌తో తడుపుతారు. రోలర్‌తో గాలి బుడగలు బయటికి తోస్తారు. బుడగ మిగిలిపోతే, ఎండ తగిలినప్పుడు ఆ చోట జెల్‌కోట్ పగులుతుంది. బలం గాజు నారది, ఆకారాన్ని పట్టి ఉంచే పని రెజిన్‌ది.

కరెంటుకు తిరుగుదారి

ఉక్కు బాడీ ఉన్న కారులో ప్రతి దీపానికీ ఒక్క తీగ చాలు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి బాడీయే. ఫైబర్‌గ్లాస్ కరెంటును పోనివ్వదు. అందుకే ప్రతి దీపం నుంచీ ఛాసిస్‌కు రెండో తీగ వేసుకోవాలి. పెయింటు వేసిన గొట్టానికి ఆ తీగ బిగించే ముందు లోహం కనిపించేదాకా గీకాలి. కిట్ కార్లలో మిణుకు మిణుకుమనే దీపాలకూ, అడ్డదిడ్డంగా చూపే మీటర్లకూ ఎక్కువగా ఈ తిరుగుదారి, అంటే ఎర్త్, సరిగా లేకపోవడమే కారణం.

ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరు కూడా కరెంటును ఆపేస్తుంది. కాబట్టి ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి తీగ ఒకటి తప్పనిసరి. దాన్ని మరిచిపోతే స్టార్టర్ మోటారు లాగే వందల ఆంపియర్ల కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లాంటి సన్నని దారి వెతుక్కుని, దాన్ని కాల్చేస్తుంది.

మొదటి స్టార్ట్

నెలల తరబడి కదలని ఇంజిన్‌లో బేరింగుల మధ్య నూనె ఉండదు. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఇంధనం అందకుండా చేసి, స్టార్టర్‌తో ఇంజిన్‌ను కాసేపు తిప్పుతారు. నూనె ఒత్తిడి మీటర్లో సూది లేచాకే ప్లగ్గులు పెడతారు. కూలింగ్ పైపులో గాలి చిక్కుకుపోకుండా, అన్నింటికన్నా ఎత్తులో ఉన్న గొట్టం దగ్గర గాలి వదలాలి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. కారు మొదటిసారి కదిలాక వేగం పెంచే ముందు బ్రేకు చూసుకోవాలి.

రోడ్డెక్కే అనుమతి

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారును ఐవీఏ అనే విడి వాహన పరీక్ష దాటించాలి. సొంతంగా కట్టినట్టు రుజువుగా ఫొటోలు, రసీదులు చూపాలి. బ్రేకుల పంపకం, స్టీరింగ్, సీటు బెల్టుల బిగింపు, దీపాల ఎత్తు, అద్దాలు, పొగ, శబ్దం అన్నీ చూస్తారు. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. పాదచారికి తగిలితే గాయం చేసే పదునైన అంచులను కూడా కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల గోళం తాకగలిగిన అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రదనం ఉండాలి. కారు నెంబరు ఏ తరహాది ఇవ్వాలన్నది భాగాల వయసును బట్టి తేలుస్తారు. వయసు తేలని వాటికి క్యూ అక్షరంతో మొదలయ్యే ప్లేటు వస్తుంది. అమెరికాలో నియమాలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా ఇలాంటి ప్రత్యేక వాహనాలకు పొగ నియమాల నుంచి ఏడాదికి 500 మినహాయింపు పత్రాలు కేటాయించింది.

భారతదేశంలో దారి చాలా ఇరుకు. ఇక్కడ ప్రతి మోడల్ నమూనానూ గుర్తింపు పొందిన పరీక్షా సంస్థలో నిరూపించుకోవాలి. ఆ ఖర్చు కంపెనీలు భరించగలిగేదే తప్ప ఒక్క కారు కట్టే మనిషికి సాధ్యం కాదు. రిజిస్ట్రేషన్ అయిన కారు ప్రాథమిక నిర్మాణాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. రోడ్డు మీద వీలుకాని ఈ విద్య ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీల వర్క్‌షాపుల్లో బతుకుతోంది. 2007లో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో మొదలైన బాహా పోటీలకూ, ఫార్ములా భారత్ పోటీలకూ దేశమంతటి నుంచి విద్యార్థి జట్లు తమ చేతులతో కట్టిన కార్లు తీసుకెళ్తాయి. హైదరాబాద్, విశాఖపట్నం విద్యార్థులకూ ఈ పోటీలు తెలియనివి కావు. అవి ఒంటి సీటు కార్లే అయినా, గొట్టాల త్రిభుజాలు, విష్‌బోన్ చాపాలు, బ్రేకుల పంపకం గురించి పైన చెప్పిన లెక్కలన్నీ వాటికీ వర్తిస్తాయి.

రోడ్డెక్కాక

కొత్తగా కట్టిన కారు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కుదురుకుంటుంది. బుష్‌లు నలుగుతాయి, రబ్బరు పట్టీలు సర్దుకుంటాయి, బోల్టుల బిగింపు కాస్త వదులవుతుంది. అందుకే బిగించిన ప్రతి బోల్టు మీదా తల నుంచి పక్క లోహం మీదికి ఒక పెయింటు గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగినట్టే. మొదటి ప్రయాణాల తర్వాత సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టుల బోల్టులన్నీ టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. చక్రాల కోణాలు మళ్లీ కొలవాలి. బ్రేకు ద్రవం కారుతోందేమో ప్రతి అతుకు దగ్గరా వేలితో తడిమి చూడాలి. ఆ తర్వాత ఈ తనిఖీ ఏడాదికోసారి చేస్తారు. కొలతలు, బిగింపులు, భాగాల నెంబర్లు రాసి పెట్టిన పుస్తకం కారుతోనే ఉండాలి. కంపెనీ సర్వీసు పుస్తకం లేని ఈ కారుకు, చేతులు మారినప్పుడు కూడా దారి చూపేది అదే.